ఒంటిగంటకు తోటలో ఎవరూ ఉండరు

పోచన్న తాగి చెట్టు మీంచి పడి చచ్చిపోయాడని రాశారు.

ఎవడు రాశాడో గానీ ఆ చెయ్యి విరిగిపోవాలి. మెట్‌పల్లి అవతలి ఊరి గౌడు పోచన్న. తాటిచెట్లు ఎక్కి దిగడం తాతల నాటి వృత్తి. ఆ పనితనం చూసే ఒమన్‌లో ఖర్జూరం తోటకి పిలిపించుకున్నారు. పందొమ్మిదేళ్ళు ఎక్కాడు, ఒక్కనాడు కాలు జారలేదు. అలాంటి మనిషి శవాన్ని పెట్టెలో పెట్టి, పైన 'తాగుబోతు' అని కాగితం అంటించి ఇంటికి పంపారు. ఆ కాగితం చదివి చెప్పినప్పుడు భార్య గౌరవ్వ ఏడవలేదట. "మా ఆయన కల్లు గీసిండు గని సుక్క ముట్టలే" అందట. ఆ మాట రాసుకునే నాథుడు లేడు.

గణపతి ఫైలు మూసి బల్ల మీదకి విసిరాడు.

"ఈ అబద్ధం చదివించడానికా మేడమ్, నన్ను బ్యాంకులోంచి లేపుకొచ్చారు?"

"నీ కోపం ఇక్కడ కాదు, అక్కడ చూపించు," అంది కృపాబాయి.

మస్కట్‌లో ఘుబ్రా అనే పేటలో, స్కూలు వెనక వీధిలో చిన్న క్లినిక్ అది. బయట కూర్చున్న పేషెంట్లకి కృపాబాయి మేట్రన్. నర్సాపురం నుంచి వచ్చి ముప్ఫయ్యేళ్ళుగా ఇంజక్షన్లు చేస్తున్న మనిషి. లోపలి గది తలుపు వేసుకుంటే మాత్రం మన గూఢచారి విభాగానికి మస్కట్ చీఫ్. గణపతి సంగతీ అంతే. అల్ ఖువైర్‌లో టై కట్టుకుని లోన్ ఫారాలు నింపే ఆఫీసరు. విభాగం లెక్కలో ఏజెంట్ పదిహేడు. అయిదు నిమిషాల కింద రిసెప్షన్‌లో, "షుగర్ టెస్టుకి పరగడుపున వచ్చారా?" అని అడిగితే, "లేదు, మూడు ఖర్జూరాలు తిన్నాను" అని చెబితేనే ఈ తలుపు తెరుచుకుంది.

"విను. రుసైల్ దాటాక నలభై నిమిషాల దూరంలో బుస్తాన్ సిద్రా అని ఖర్జూరం తోట. తోట గోడకి ఆనుకుని మిలిటరీ క్యాంపు. ఇప్పుడా క్యాంపులో మన ఇరవై రెండు మంది సోల్జర్లున్నారు. ఒమన్ వాళ్ళకి మందుపాతరలు తీసే ట్రైనింగ్ ఇస్తున్నారు. ఆ ఇరవై రెండు మందినీ పేల్చేయడానికి ఒక ముఠా దిగింది. కోడ్‌నేమ్ 'ట్రేడ్‌విండ్'. ఏ దేశం వాళ్ళో ఎవరికీ తెలీదు. ఎవరు పిలిస్తే వాళ్ళకి పనిచేస్తారు."

"తోటకేం సంబంధం?"

"నేరం మోయడానికి ఎవరో ఒకరు కావాలిగా! తోటలో మనవాళ్ళు పదకొండుమంది మిగిలారు, అందరూ మీ వైపు చెట్లెక్కేవాళ్ళే. దాడి జరిగిన గంటలో ఆ పదకొండుమందీ శత్రు గూఢచారులని, పేల్చింది వాళ్ళేనని సాక్ష్యం బయటికొస్తుంది. ఉరి తప్పదు గణపతీ. రెండు దేశాల స్నేహం మంటగలుస్తుంది, అది పెద్దలు చూసుకుంటారు. నాకు మాత్రం ఆ పదకొండుమంది మెడలు కావాలి. భద్రంగా."

"దాడి ఎప్పుడు?"

"శనివారం రాత్రి, మెయిన్ గేటు మీద. ముఠాలో మన మనిషుంది. కోడ్‌నేమ్ 'జాజి'. డాక్టర్ సెలిన్. తండ్రిది మా నర్సాపురమే, తల్లిది హవాయి. తోటపని చేసేవాళ్ళ చరిత్ర రాసే ప్రొఫెసరు. ఆ పేరుతోనే తోటలోకి వచ్చిపోతూ ఉంటుంది. ముఠా తన మనిషి అనుకుంటుంది, కానీ మనకి రిపోర్టు చేస్తుంది."

కృపాబాయి డ్రాయర్ తీసి మూడు వస్తువులు బల్ల మీద పెట్టింది. పిడిలో ట్రాన్స్‌మిటర్ దాచిన కొడవలి. చెవిలో పెట్టుకుంటే నలభై మీటర్ల దూరంలో గుసగుస కూడా వినిపించే దూది ఉండ. అడుగున లెన్సు బిగించిన తంబాకు డబ్బా.

"నాలుగోది నీ దగ్గరే ఉంది," అంది. "మీ నాన్న గీత పనివాడు. చెట్టెక్కడం మర్చిపోలేదుగా?"

గణపతి చెట్టు దిగి ఇరవయ్యేళ్ళయింది.

*

మంగళవారం పొద్దున ఆరింటికి ఏజెంట్ పదిహేడు 'కొత్త లేబర్ గంగన్న' అయ్యాడు. మాసిన లుంగీ, తలకి తువ్వాలు, నడుముకి మోకు. చెట్టునీ నడుమునీ కలిపి చుట్టే ఆ తాడు వీపుకి తగలగానే ఒళ్ళు తనంతట తానే పని గుర్తు చేసుకుంది. మూడో చెట్టు ఎక్కి దిగేసరికి అరచేతులు మండిపోయాయి, బ్యాంకు చేతులు మరి.

జూలై నెల. గెలలు కోతకొచ్చిన రోజులు. పైకెక్కి, గెల కోసి, తాడు కట్టి, ఆకులకి తగలకుండా కిందికి దించాలి. గెల ఒక్కోటి పదిహేను కిలోలు.

పన్నెండున్నరకి గంట మోగింది. గణపతి కిందికి దిగబోయాడు. ఎండాకాలం మూడు నెలలూ పన్నెండున్నర నుంచి మూడున్నర దాకా బయట పని చేయించకూడదని ఈ దేశం చట్టం. మంచి చట్టం. షెడ్డు గోడ మీద ఆ మాట నాలుగు భాషల్లో రాసి అద్దం కూడా బిగించారు.

"ఏయ్ కొత్తోడా! ఎవడు దిగమన్నడు నిన్ను?"

కింద ఫోర్‌మన్ కుమార్. ఆర్మూరు వాడు. మనవాడే, అదే అసలు మంట. గొడుగు పట్టుకుని నిలబడి అరుస్తున్నాడు.

"బ్రేక్ గద సార్?"

"బ్రేక్ బోర్డు మీద ఉంటది. నువ్వు చెట్టు మీద ఉంటవ్. ఎక్కు! ఈల ఇనవడితే మట్టల్ల దాక్కోవాలె, సప్పుడు చేయొద్దు. ఎవలన్న అడిగితే రూముల పన్నమని చెప్పాలె. లేకపోతే రేపే వీసా క్యాన్సిల్ గొట్టి పంపిస్త."

చెప్పాల్సిన రెండు ముక్కలూ చెప్పి ఏసీ గదిలోకి పోయాడు. గణపతికి ఒళ్ళు మండిపోయింది, ఎండకి కాదు. ఆ ఎండలో, నలభై ఎనిమిది డిగ్రీలలో, ముప్ఫై అడుగుల పైన, పదకొండుమంది మనుషులు పిట్టల్లా మట్టల మధ్య కూర్చుని గెలలు కోస్తున్నారు. కింద బోర్డు మాత్రం 'విశ్రాంతి' అంటోంది. ఎన్ని దేశాల్లో ఎన్ని ముఠాల్ని చూశాడో గానీ, ఆ కుమార్ గాడి గొంతు పిసకాలన్నంత కోపం ఎప్పుడూ రాలేదు.

సాయంత్రం రూములో పోచన్న సంగతి అడిగాడు. ఒకే జవాబు, అందరి నోటా.

"పొద్దుగాల పదిన్నరకు పడ్డడు తమ్మీ. మోకు తెగింది."

పదకొండు నోళ్ళూ ఒకే మాటని ఒకే తీరుగా చెప్పాయి. నిజం ఎప్పుడూ అంత తీరుగా ఉండదు.

*

బుధవారం సాయంత్రం అయిదింటికి డాక్టర్ సెలిన్ వచ్చింది.

అందగత్తె, అందులో అనుమానం లేదు. తెల్ల లినెన్ చొక్కా, మెడలో పగడాల దండ, వేలికి వేలాడుతున్న చిన్న వాయిస్ రికార్డర్. అచ్చమైన గోదావరి యాసలో, "ఏం మావయ్యా, కులాసానా? ఆ మోకాలి నొప్పి తగ్గిందా?" అంటూ రాజలింగం పక్కన చాప మీదే కూర్చుంది. అరవయ్యేళ్ళ రాజలింగం ఆ గుంపుకి పెద్ద. ముప్ఫై ఒక్కేళ్ళుగా ఈ తోటలోనే ఉన్నాడు. ఆమె అలా కూర్చోగానే ఆ ముసలాయన ముఖం వెలిగిపోయింది. ఎవరు కూర్చుంటారు మన చాప మీద?

కొత్త మనిషిని పరిచయం చేసుకునే వంకతో గణపతి దగ్గరికి వచ్చింది.

"మీ ఊళ్ళో వానలు పడ్డాయా?"

"మా ఊల్లె ఇంక జాజి పూయలే."

కోడ్ కలిసింది. ఆమె పెదవులు కదలకుండా, "శనివారం రాత్రే. గేటు మీద కన్నుంచండి," అని వెళ్ళి మళ్ళీ చాప మీద కూర్చుంది.

ఆ సాయంత్రం ఆమె తన కథ చెప్పింది. హవాయిలో ఒక చిన్న చెరకు తోట ఊరు. కంపెనీ వాళ్ళు జపాను వాళ్ళకొక వరస, ఫిలిప్పీన్స్ వాళ్ళకొక వరస ఇళ్ళు కట్టి, ఒక్కో వరసకీ నంబరు వేశారట. వాళ్ళ అమ్మమ్మ పుట్టింది ఏడో నంబరు క్యాంపులో. రెండో ప్రపంచ యుద్ధం రాగానే చుట్టూ సైన్యం దిగింది. చెరకు నరికి గుడారాలు వేశారు, ట్యాంకులు నడిపారు. యుద్ధం అయిపోయింది, కొంతకాలానికి మిల్లు మూతపడింది, ఇళ్ళు పీకేశారు. ఇప్పుడక్కడ పొగగొట్టం ఒక్కటే ఉంది. అమ్మమ్మ బతికున్నన్నాళ్ళూ ఆ ఎర్రమట్టి ఒక సీసాలో పోసి దాచుకుందట.

"ఇక్కడా అంతేగా మావయ్యా? ఈ తోట వెనకటికి కొండ దాకా ఉండేదన్నావ్."

"అవు బిడ్డా. మా పెద్ద షేక్ చెప్పేటోడు. యుద్ధం కాలంల పరాయి సైన్యమొచ్చి సగం చెట్లు కొట్టి విమానాలు దిగే జాగ చేసిండ్రట. అదే గీ క్యాంపు. దాని కింద పాత ఫలజ్ ఉంటది, రాతితోని కట్టిన నీళ్ళ కాలువ. ఎండిపోయింది గని మనిషి పాకేటంత ఉంటది. సోల్జర్ల రూముల కింద కెళ్ళే పోతది."

గణపతి ఉలిక్కిపడ్డాడు. ఆమె రికార్డరు ఎర్రగా వెలుగుతూనే ఉంది.

"సరే, ఇప్పుడు మీ దినచర్య. మధ్యాహ్నం ఒంటిగంటకి అందరూ ఎక్కడుంటారు?"

"రూముల పంటం మేడమ్. బ్రేక్ గద!" పదకొండు గొంతులు ఒక్కసారే అన్నాయి.

"తోటలో ఒక్కరు కూడా ఉండరా?"

"ఎవ్వలుండరు మేడమ్. కంపెనీ మంచిది."

ఆమె పుస్తకంలో రాసుకుని, కింద గీత గీసింది. అదే ప్రశ్న రెండుసార్లు అడిగిందని గణపతి గుర్తుపెట్టుకున్నాడు.

ఆమె కారు దుమ్ము అణగకముందే గణపతి రాజలింగం చెయ్యి పట్టుకుని షెడ్డు వెనక్కి తీసుకెళ్ళాడు.

"మామా, నేను గౌడు బిడ్డనే. మా నాయిన కోరుట్ల పక్కన తాళ్ళెక్కిండు. నాతోని గుడ అబద్ధమేనా? పోచన్న మోకు ఏది?"

ముసలాయన రూములోకి వెళ్ళాడు. మంచం కింద గోనెసంచిలోంచి తాడు తీసి పట్టుకొచ్చాడు. గణపతి చివర వేళ్ళతో తడిమాడు. తెగిన తాడుకి పీచు లేస్తుంది. ఇది నున్నగా ఉంది. కోసిన తాడు.

"పదిన్నరకు కాదు తమ్మీ," అన్నాడు రాజలింగం. "ఒంటిగంటకు. నేను పక్క చెట్టు మీదున్న. నారింజ కోట్లేసుకుని ఇద్దరొచ్చిండ్రు. పాత ఫలజ్ కాడ ఏందో కొలుస్తుండ్రు. పోచడు ఆళ్ళను లేబర్ ఆఫీసోళ్ళనుకున్నడు. దొరికిపోయిన్నని ఉరికురికి దిగి దండం పెట్టిండు. 'రెస్ట్ సార్, రెస్ట్. అందరు పన్నరు, నేనొక్కన్నే మర్చిపోయిన కత్తి కోసం వచ్చిన' అన్నడు. మమ్ములను కాపాడిండురా వాడు! వాళ్ళు రాడ్డుతోని నెత్తి మీద గొట్టి, మోకు కోసి, చెట్టు కింద పండవెట్టి పోయిండ్రు."

"మరి పోలీసులకు చెప్పకపోతిరి?"

"చెప్తే? ఒంటిగంటకు చెట్టు మీద ఏం జేస్తున్నవంటరు. కుమార్ గాడు అందరిని క్యాన్సిల్ కొట్టిస్తనన్నడు. వానికి పదిన్నర గావాలె. మేం పదిన్నర చెప్పినం." ముసలాయన తలని గోడకేసి కొట్టుకున్నాడు. "థూ, మా బతుకు!"

గణపతి కొడవలి పిడి నొక్కి, రాజలింగం చెప్పిందంతా చీఫ్‌కి చెప్పాడు. శనివారం, గేటు, రెండూ నమ్మొద్దన్నాడు. అవతల కృపాబాయి నిట్టూర్చింది. "జాజి నాలుగేళ్ళుగా మనకి ఒక్క తప్పుడు రిపోర్టు ఇవ్వలేదయ్యా. శనివారమే అంటోంది. అయినా కనుక్కుంటాను. నువ్వు గేటు వదలకు."

గేటు వదలకు! గణపతి పళ్ళు పటపటా కొరికాడు.

*

గురువారం. ఒంటిగంట దాటి అయిదు నిమిషాలు.

ఈల వినిపించింది. రోడ్డు వైపు చెట్టు మీదున్నవాడు వేసిన ఈల. రెండు క్షణాల్లో తోట మొత్తం మూగబోయింది. పదకొండుమందీ మట్టల్లోకి ముడుచుకుపోయారు. ఎన్నేళ్ళ అభ్యాసమో అది! కింద నిలబడి తలెత్తి చూసినా ఒక్క మడమ కూడా కనిపించదు.

తెల్ల వ్యాను వచ్చి పాత ఫలజ్ గుంత దగ్గర ఆగింది. పక్కన 'హెరిటేజ్ సర్వే' అని రాసి ఉంది. నారింజ కోట్ల వాళ్ళిద్దరు దిగారు. వెనకనే గొడుగుతో డాక్టర్ సెలిన్.

గుంత పక్క చెట్టు మీదున్న గణపతి తంబాకు డబ్బా కంటికి పెట్టుకున్నాడు. చక్రాల మీద నల్లటి పెట్టె. దాన్ని గుంతలోకి దించారు. సెలిన్ చేతిలోని మీట నొక్కగానే అది బుల్లి కారులా ఫలజ్ లోపలికి దూసుకుపోయింది.

"ఇరవై అయిదు నిమిషాలు," అంది సెలిన్ ఇంగ్లీషులో. చెవిలోని దూది ప్రతి అక్షరం పట్టుకుంది. "బ్యారక్ కింద ఆగుతుంది. ఒకటిన్నరకి పేలుతుంది. తొందర్లేదు, ఈ వేళ ఇక్కడ పురుగు కూడా ఉండదు. పదకొండుమందిని అడిగాను, పదకొండుమందీ ఒకే జవాబు చెప్పారు. ఇంతకంటే గట్టి చరిత్ర ఎక్కడా దొరకదు."

గణపతికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఎంత చదువుకుంది! ఎన్ని పుస్తకాలు రాసింది! చేతిలో కాగితం పట్టుకున్న ప్రతివాడికీ కూలివాడు భయంతో ఏ జవాబు చెబుతాడో, ఆ జవాబునే రాసుకుని, దాన్ని నమ్మి బాంబు పెట్టింది.

"మేడమ్," పిడిలోకి గుసగుసలాడాడు. "జాజి కుళ్ళిపోయింది. బాంబు ఫలజ్‌లో ఉంది. ఒకటిన్నర."

అవతల కృపాబాయి ఇంకో ఫోన్ తిప్పిన చప్పుడు. "క్యాంపు ఫోన్ ఎత్తట్లేదు, భోజనాల టైము! మెసేజ్ పై నుంచి రావాలంటే అరగంట పడుతుంది. గణపతీ..."

"అర్థమయింది."

గోడ మీదుగా అరిచినా ఏసీ గదుల్లో పడుకున్నవాళ్ళకి వినిపించదు. గణపతి రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుని ఈల వేశాడు. దాక్కోమనే ఈల కాదు. మన తాటివనాల్లో, 'కింద జరుగు, బరువు పడుతోంది' అని వేసే పొడుగాటి ఈల.

రాజలింగానికి మొదట అర్థమయింది. నారింజ కోటు వాడి నెత్తిన పదిహేను కిలోల గెల ముప్ఫై అడుగుల పైనుంచి వచ్చి పడింది. వాడు కిక్కురుమనకుండా కూలిపోయాడు. రెండోవాడు తుపాకీ తీసి పైకి ఎత్తేలోపు నాలుగు గెలలు నాలుగు చెట్ల మీంచి దిగాయి. ఆ చేతిలో తుపాకీ పట్టుకోవడానికి పనికొచ్చే ఎముక మిగల్లేదు.

సెలిన్ గొడుగు పారేసి వ్యాను వైపు పరిగెత్తింది. చేతిలో పిస్టల్. గణపతి మోకు వదులు చేసి బర్రున జారాడు, తొడల తోలు ఊడిపోయింది. అడ్డంగా దూకాడు. తూటా భుజాన్ని గీరుకుంటూ పోయింది. అంతలో వెనకనుంచి ఒక మోకు ఆమె నడుం చుట్టూ పడి బిగిసింది. రాజలింగం!

"ఎన్నేళ్ళైనా గురి తప్పలే," అన్నాడు ఆయాసపడుతూ. పిస్టల్ లాక్కుని, ఆమెని అదే మోకుతో చెట్టుకి కట్టేశాడు.

"మీ వల్ల కాదు," అంది సెలిన్ చల్లగా. "అరవై మీటర్ల లోపల ఉంది. ఆపే కోడ్ నాకు తప్ప ఎవరికీ తెలీదు."

టైము ఒకటీ పన్నెండు.

"గెలలు దించే తాళ్ళన్ని కట్టుండ్రి!" గణపతి అరిచాడు. "ఒకదానికొకటి! జల్ది!"

తాళ్ళన్నీ ముడేసి ఒక కొస నడుముకి కట్టుకుని ఫలజ్‌లోకి పాకాడు. చీకటి, దుమ్ము, గబ్బిలాల కంపు. రాళ్ళు మోచేతుల్ని చెక్కేస్తున్నాయి. పైన ఎక్కడో ఇరవై రెండు మంది తిని పడుకున్నారు. వెనక పదకొండుమంది తాడు పట్టుకుని నిలబడ్డారు. పాకుతున్నంతసేపూ అతని నోట్లో తిట్లే. కుమార్‌ని, సెలిన్‌ని, ఫోన్ ఎత్తని క్యాంపుని, అద్దం బిగించిన ఆ బోర్డుని, అందర్నీ పేరుపేరునా తిట్టాడు. ఆ కోపమే అతన్ని లోపలికి నెట్టింది.

ఎర్ర అంకెలు కనిపించాయి. 9:40. రాళ్ళ మీద దొర్లుతూ వచ్చినప్పుడు పేలనిది, దొర్లుతూ వెనక్కి పోతే మాత్రం ఎందుకు పేలుతుంది? తాడు పెట్టెకి బిగించి, తన చేతికి చుట్టుకుని రెండుసార్లు లాగాడు.

పదకొండుమంది లాగారు. జీవితమంతా బరువులు దించిన చేతులవి.

బయటపడేసరికి 3:05. గణపతి ఒళ్ళంతా రక్తం. పెట్టెని ఈడ్చుకొచ్చి సెలిన్ కాళ్ళ ముందు పెట్టాడు.

"కొట్టు కోడ్."

"కొట్టను. పారిపోండి, ఇంకా టైముంది."

గణపతి ఆమె భుజానికున్న సంచిలోంచి రికార్డరు తీసి మీట నొక్కాడు. రాజలింగం గొంతు వచ్చింది, ముక్కలు ముక్కలుగా కోసి అతికించిన గొంతు. 'సోల్జర్ల రూముల కింద... పాత ఫలజ్... మాకే ఎరుక... ఒంటిగంటకు... ఎవ్వలుండరు.' తర్వాత మరో గొంతు. ఇంకో గొంతు. పదకొండూ ఉన్నాయి.

"ఇది పోలీసులకు దొరికేటట్టు మీ రూముల పెట్టేటోళ్ళు," అన్నాడు గణపతి వాళ్ళతో. "మీరే చేసిండ్రని."

రాజలింగం మెల్లగా వచ్చి ఆమె ముందు నిలబడ్డాడు.

"నా చాప మీద కూసున్నవ్ గదనే. నా మోకాలి నొప్పి అడిగినవ్."

సెలిన్ కళ్ళు తిప్పుకుంది. "మా అమ్మమ్మ ఊరు చెరిపేసినప్పుడు ఎవడైనా అడిగాడా? సైన్యాలకి మన బతుకులంటే లెక్కుందా? వాళ్ళు చావనీ!"

"నీ ఊరు పోయింది, నిజమే. ఏడ్వు. మేం గుడ ఏడుస్తుంటిమి నీతోని. నీ ఊరు పోయిందని మా మెడలెందుకే నీకు?" ముసలాయన గొంతు తోటంతా దద్దరిల్లింది. "మా పోచడు నీ అమ్మమ్మ లెక్కనే గదనే! వాన్ని సంపుతివి గదనే!"

1:20.

రాజలింగం తువ్వాలు దులిపి, పెట్టె పక్కనే నేల మీద కూర్చున్నాడు.

"మామా, లే!" గణపతి భుజం పట్టి లాగాడు. "అవుతలికి ఉరుకుండ్రి అందరు!"

"ఎటు ఉరకాలెరా? ఇది ఈడ పేలితే గుడ మా తోటలనే పేలినట్టు. ఈమె సస్తే నిజం సస్తది. మిగిలేది గా డబ్బల మా గొంతులు. ఉరి తీసేదాంక ఏం కూసుంట? ఈడనే కూసుంట."

రెండోవాడు వచ్చి కూర్చున్నాడు. మూడోవాడు. ఎవరూ ఎవర్నీ పిలవలేదు. ఒక్కొక్కరే కొడవలి పక్కన పెట్టి, కాళ్ళు ముడుచుకుని, పెట్టె చుట్టూ కూర్చున్నారు. పదకొండు ముఖాలూ ఆమెనే చూస్తున్నాయి. భయంగా కాదు, దయగా అంతకన్నా కాదు. గణపతి కూడా కూర్చున్నాడు.

0:40.

"మీకు పిచ్చి పట్టిందా? ఇతన్ని తీసుకెళ్ళండి! లేవండి!" అని ఆమె మొదటిసారి అరిచింది.

ఎవరూ కదల్లేదు.

0:20. ఆమె నుదుటి మీంచి చెమట పగడాల మీదకి కారింది. పెట్టె సన్నగా కూయడం మొదలుపెట్టింది.

0:11.

"చెయ్యి విప్పండి!" అని కీచుమంది. "చెయ్యి!"

గణపతి మోకు ఒక్క చుట్టు కోశాడు. ఆమె వేళ్ళు నాలుగు అంకెలు కొట్టాయి, ఒకటి తప్పు పడింది. మళ్ళీ కొట్టింది.

0:04 దగ్గర అంకెలు ఆగిపోయాయి.

రాజలింగం ఒక్కసారిగా భోరుమన్నాడు, చిన్న పిల్లాడు ఏడ్చినట్టు. "పోచా! ఓ పోచా!" అంటూ.

*

ఆ తర్వాత జీపులు, హెలికాప్టరు, తుపాకులు, ప్రశ్నలు. బాంబుని చూడటానికి నిద్ర కళ్ళతో వచ్చిన మన సోల్జర్లలో ఒకడు పెట్టెని, తన గది కిటికీని, పదకొండుమందిని మార్చి మార్చి చూసి సెల్యూట్ కొట్టాడు. సెలిన్ చేతులకి బేడీలు పడ్డాయి. ఫోర్‌మన్ కుమార్ ఏసీ గదిలోంచి కళ్ళు నులుముకుంటూ వచ్చి, "సార్, ఈ టైముల మావోళ్ళు ఎవ్వరు తోటల ఉండరు" అని ఒమన్ కర్నల్‌తో గట్టిగా చెప్పాడు. కర్నల్ ఒకసారి చెట్లకి వేలాడుతున్న మోకుల వైపు చూసి, అతన్ని కూడా జీపు ఎక్కించమన్నాడు.

మందుల సంచితో తోటకి వచ్చిన కృపాబాయి గణపతి మోచేతులకి స్వయంగా కట్లు కట్టింది. కావాలనే గట్టిగా బిగించింది.

"నువ్వు చెప్పినా వినలేదు. నాలుగేళ్ళు నమ్మాను దాన్ని," అంది పళ్ళ బిగువున. "మా నర్సాపురం పిల్లని మురిసిపోయాను. నా చెంప నేనే వాయించుకోవాలి."

"పోచన్న కాగితం మార్పించండి మేడమ్."

"ఇవాళే. నా చేత్తో రాస్తాను. గౌరవ్వకి ఫోన్ కూడా నేనే చేస్తాను."

వాంగ్మూలాలు అన్నీ అయ్యేసరికి ఎండ కాస్త వాలింది. కర్నల్ పంపిన చల్లటి నీళ్ళ సీసాలు తాగి, పదకొండుమందీ అలవాటుగా మోకులు తీసుకుని చెట్ల వైపు కదిలారు. సగం గెలలు ఇంకా పైనే ఉన్నాయి మరి.

"ఆగుండ్రి," అన్నాడు రాజలింగం. గణపతి చెయ్యి తిప్పి గడియారం చూశాడు. మూడూ ఇరవై. చెట్టు నీడలో తువ్వాలు పరుచుకుని, కాళ్ళు బారజాపి, కళ్ళు మూసుకున్నాడు.

"సర్కారు రెస్టు ఇంక పది నిమిషాలుందట. ఎవలన్న లేపిండ్రంటే తంత."